మీకు తెలుసా? బ్లాక్ బెల్ట్‌కు ఎన్నేళ్లు?

తార్నాకలోనో మౌలాలిలోనో పిల్లల్ని కరాటే క్లాసులో చేర్పించే అమ్మానాన్నలు ముందుగా అడిగేది ఇదే: "బ్లాక్ బెల్ట్ ఎప్పుడొస్తుంది?"

● వారానికి మూడు రోజులు మానకుండా సాధన చేస్తే కరాటేలో సాధారణంగా 4 నుంచి 5 ఏళ్లు పడుతుంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం కట్టడానికి పట్టిన కాలమూ దాదాపు అంతే: 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభోత్సవం!

● వారానికి ఆ మూడు రోజులూ గంట చొప్పున లెక్కేస్తే, నాలుగేళ్లకు 600 గంటలకు పైనే.

● బ్రెజిలియన్ జియుజిట్సులో సుమారు పదేళ్లు పడుతుంది. 19 ఏళ్లు నిండందే ఆ బెల్ట్ ఇవ్వరు.

● తైక్వాండోలో 15 ఏళ్లలోపు పిల్లలకు ఇచ్చేది 'పూమ్'. ఆ బెల్ట్ సగం ఎరుపు, సగం నలుపు.

● ఉతక్కుండా వాడగా వాడగా తెల్ల బెల్ట్ నల్లబడేదన్నది కట్టుకథ. బ్లాక్ బెల్ట్ స్థాయిలను సూచించే 'డాన్' పద్ధతిని 1883లో మొదలుపెట్టింది జూడో పితామహుడు జిగోరో కానో. 1924లో గిచిన్ ఫునకోషి దాన్ని కరాటేలోకి తెచ్చారు.

● తొలి బ్లాక్ బెల్ట్‌ను జపనీయులు 'షోడాన్' అంటారు. అంటే మొదటి మెట్టు. మౌలాలి గుట్ట ఎక్కేవారికి తెలుసు, మొదటి మెట్టు దగ్గర ఎవరూ ఆగిపోరు!

తల్లిదండ్రులకు ఒక మాట: ఏడాదిలోనే బ్లాక్ బెల్ట్ ఇస్తామంటే నమ్మకండి. బెల్ట్ రంగు కాదు, పిల్లల సాధన చూడండి.