మండువాలో గాలి లెక్క

పాత మండువా లోగిలి చూపించడానికి ఎవరైనా తీసుకెళితే మొదట స్తంభాల దగ్గర ఆపుతారు. బర్మా టేకు అంటారు, చెక్కడం పని చూడమంటారు. ఆ తర్వాత తలుపుల మందం, గడియల బరువు. నడుమ కప్పు వెయ్యకుండా వదిలేసిన నలుచదరపు ఖాళీ గురించి మాత్రం ఎవరూ ఎక్కువ మాట్లాడరు. ఇంట్లో ఎక్కువ పని చేసేది ఆ ఖాళీయే. స్తంభాలు ఉన్నది దాని చుట్టూ చూరును మోయడానికి.

మండువా ఉంటే ఇల్లు చల్లగా ఉంటుందని అందరూ అంటారు. అది సగం నిజం. ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, ఏ ఊరు, ఏ వేళ అన్నదాన్ని బట్టి అదే ఖాళీ ఇంటిని చల్లబరుస్తుంది, లేదంటే ఉడికిస్తుంది. పైగా అది తనంతట తాను పని చెయ్యదు. వేళకు తలుపులు తీసేవాళ్ళూ మూసేవాళ్ళూ ఇంట్లో ఉండాలి.

ఈ పద్ధతి మన ఒక్కళ్ళదే కాదు. ఇరాక్‌లోని ఊర్ నగరాన్ని 1922 నుంచి 1934 దాకా తవ్వించిన లియొనార్డ్ వూలీకి, దాదాపు నాలుగు వేల ఏళ్ళ నాటి ఇళ్ళు బయటపడ్డాయి. నడుమ ముంగిలి, చుట్టూ గదులు. మొహెంజొదారోలోనూ ఇదే తీరు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన పాంపేయిలో, కలిగినవాళ్ళ ఇళ్ళకు నడిమి హాలు పైకప్పులో ఖాళీ, సరిగ్గా దాని కింద వాననీళ్ళ తొట్టి ఉండేవి. కేరళ నాలుకెట్టు, చెట్టినాడు ఇళ్ళు, రాజస్థాన్ హవేలీలు సరేసరి. ఆకారం అన్నిచోట్లా ఒకటే అనిపిస్తుంది గానీ కొలతలు ఒకటి కావు. అసలు సంగతంతా ఆ కొలతల్లో ఉంది.

ముందు ఎండ చూద్దాం. రాజమండ్రి 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే 8 ప్రాంతంలోనూ, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలోనూ అక్కడ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. చూరు ఎత్తు రెండున్నర మీటర్లు, మండువా వెడల్పూ అంతే అనుకుందాం. ఎండ నేలను తాకాలంటే సూర్యుడు 45 డిగ్రీలు పైకి ఎక్కాలి. మే నెలలో అది మిట్టమధ్యాహ్నానికి మూడు గంటల పైచిలుకు ముందు జరుగుతుంది. మధ్యాహ్నం తర్వాత మళ్ళీ అంతసేపటికే ఎండ నేలను వదిలిపోతుంది. పన్నెండున్నర గంటలు దాటిన పగటిలో నేల మీద ఎండ ఉండేది ఆరుంబావు గంటలే. అదీ నేలంతా ఒకేసారి కాదు. అంచున మొదలై జరుగుతూ మిట్టమధ్యాహ్నం ఒక్కసారి మొత్తం పరుచుకుని, తర్వాత రెండో అంచుకు వెళ్ళిపోతుంది. వెడల్పు ఎత్తులో సగమే ఉంటే ఈ ఆరుంబావు గంటలు మూడు గంటల నలభై నిమిషాలకు తగ్గుతాయి. వెడల్పు ఎత్తుకు రెట్టింపు చేస్తే ఎనిమిది గంటలు దాటుతాయి. హోదా కోసం మండువాను పెద్దది చేసుకున్న ఇళ్ళలో, వేసవి మధ్యాహ్నం మండువా వీధికన్నా వేడిగా ఉండటానికి కారణం ఇదే.

చలికాలంలో లెక్క మారుతుంది. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణ దిక్కున 50 డిగ్రీలకు మించి ఎక్కడు. దక్షిణపు చూరు నీడ మండువా నేలను ఇంచుమించు మొత్తం కప్పేస్తుంది. ఎండ మాత్రం చూరు కింద నుంచి దూరి ఉత్తరపు వసారాలో రెండు మీటర్ల లోపలిదాకా పడుతుంది. అదే వసారాలో మే మధ్యాహ్నం చుక్క ఎండ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ళ మడత మంచం ఏడాదిలో ఏ నెలలో ఎక్కడికి జరగాలో సూర్యుడే చెప్పేవాడన్నమాట. బీజింగ్ 40 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 27 డిగ్రీలు దాటడు కాబట్టి గోడ నీడ గోడ ఎత్తుకు రెట్టింపు పొడవు పడుతుంది. అందుకే ఆ ఊరి సిహెయువాన్ ఇళ్ళలో ముంగిలి విశాలంగా ఉంటుంది. దక్షిణ చైనాకు వస్తే అదే ముంగిలి ఇరుకై, లోతై కనిపిస్తుంది.

రాత్రి జరిగేది వేరే పని. ప్రతి వస్తువూ కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా వేడిని బయటికి పంపుతూనే ఉంటుంది. ఎదురుగా గోడ ఉంటే అదీ దాదాపు అంతే వేడిని తిరిగి పంపుతుంది. ఎదురుగా ఆకాశం ఉంటే తిరిగొచ్చేది తక్కువ. తేమా మబ్బూ లేని రాత్రి, ఆకాశం వైపు తెరుచుకున్న కప్పు చదరపు మీటరుకు దాదాపు 100 వాట్ల దాకా వేడిని పోగొట్టుకోగలదు. మండువా వల్ల ఇల్లు రాత్రి చల్లబడుతుందని చెప్పేటప్పుడు పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతుంటాయి. నాకు ఈ వివరణ చాలదనిపిస్తుంది. ఎందుకంటే మండువా నేల ఆకాశాన్ని పూర్తిగా చూడలేదు. పొడవు, వెడల్పు, లోతు మూడూ సమానమైన గుంటను తీసుకుంటే, అడుగు నుంచి బయలుదేరే వేడిలో నేరుగా పైకి తప్పించుకునేది ఐదో వంతే. తక్కిన నాలుగు వంతులూ గోడలకు తగులుతాయి.

మరి తెల్లవారుజామున అక్కడ తగిలే చల్లదనం ఎక్కడిది? చాలావరకు కప్పుది. పెంకు పలచగా ఉంటుంది, ఆకాశాన్ని పూర్తిగా చూస్తుంది, కాబట్టి త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, వాలు వెంట దిగుతుంది. మామూలు పెంకుటింట్లో ఆ గాలి వీధిలోకి పోతుంది. మండువా లోగిలిలో కప్పు నాలుగు వైపులా లోపలికి కూడా వాలుతుంది. వాననీళ్ళు జారిన దారినే చల్లగాలీ జారి నడింట్లోకి చేరుతుంది. గాలి స్తంభించిన రాత్రుల్లో ఇది బాగా జరుగుతుంది. గాలి గట్టిగా వీస్తే ఈ పలచని పొర చెదిరిపోతుంది.

గాలికి బరువేమిటని అనుకోవద్దు. 25 డిగ్రీల దగ్గర ఘనమీటరు పొడి గాలి 1,184 గ్రాములు తూగుతుంది, 35 డిగ్రీల దగ్గర 1,146. మధ్యాహ్నం మండువాలో పైకి లాగే శక్తి ఈ 38 గ్రాముల తేడా నుంచే వస్తుంది. ఎండ తగిలిన నేల మీది గాలి వేడెక్కి పైకి పోతుంటే, ఆ చోటును నింపడానికి గదుల్లోంచీ పెరట్లోంచీ గాలి కదులుతుంది. ఇది ఎంత బలమైనది? నాలుగు మీటర్ల ఎత్తు, ఐదు డిగ్రీల తేడా ఉంటే 0.8 పాస్కల్ ఒత్తిడి పుడుతుంది. సెకనుకు మీటరు పైచిలుకు వేగంతో వీచే పిల్లగాలికీ అంతే ఒత్తిడి ఉంటుంది. అంటే బయట గాలి ఉన్న రోజున ఈ లెక్క దాని ముందు నిలవదు. ఆకు కదలని రోజున మాత్రం ఇదే దిక్కు.

ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫాతీ (1900–1989) కైరో పాత ఇళ్ళను గురించి రాస్తూ ఒక అమరికను ప్రత్యేకంగా వివరించాడు. ఒకవైపు నీడ పట్టిన చిన్న ముంగిలి, మరోవైపు ఎండ పడే పెద్ద పెరడు, రెండింటి మధ్య కప్పు వేసిన కూర్చునే చోటు. నీడ వైపు నుంచి ఎండ వైపుకు గాలి సాగుతుంటుంది, మధ్యలో కూర్చున్నవాళ్ళకు తగులుతుంది. మన లోగిలిలో వీధి తలుపు, మండువా, పెరటి తలుపు ఒకే వరసలో ఉండటం వెనకా ఈ పనితనం ఉంది. కాకపోతే మన దగ్గర దిక్కు తిరగబడుతుంది. మామిడీ అరటీ ఉన్న పెరడు నీడ వైపు, మధ్యాహ్నపు మండువా ఎండ వైపు. రెండింటి మధ్య వెనక వసారాలో నడుం వాల్చేవాళ్ళకు గాలి బాగా ఆడేది.

ఇక నీళ్ళు. పది లీటర్ల బిందెడు నీళ్ళు కల్లాపి జల్లితే, అవి పూర్తిగా ఆవిరి కావడానికి 24 మెగాజౌళ్ళ వేడి కావాలి. టన్నున్నర ఏసీ గంటంబావు సేపు నడిచి ఇంట్లోంచి బయటికి తోసే వేడి దాదాపు అంతే. ఈ పోలికను మరీ నమ్మకండి. ఆవిరయ్యే నీరు తీసుకునే వేడిలో ఎక్కువ భాగం నేలది. చల్లబడ్డ గాలంతా గదుల్లోకి రాదు. పైగా తేమగా ఉన్న రోజు నీళ్ళు త్వరగా ఆవిరి కావు.

తేమ మాట వచ్చింది కాబట్టి ఊరి తేడా చెప్పాలి. అమలాపురంలో మే నెల రాత్రి గాలి నిండా తేమ. నీటి ఆవిరి పరారుణ కిరణాలను పీల్చుకుని తిరిగి కిందికి పంపుతుంది కాబట్టి ఆకాశంలోకి పోయే వేడి తగ్గుతుంది. కర్నూలులోనో కరీంనగర్‌లోనో వేసవి రాత్రి పొడిగా ఉంటుంది. రాత్రి చల్లదనాన్ని మందపు గోడల్లో దాచుకుని పగలు వాడుకునే పద్ధతి అక్కడ బాగా పనిచేస్తుంది. అరమీటరుకు దగ్గర మందం ఉన్న గోడలో బయటి వేడి లోపలికి రావడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. కోనసీమ మండువాకు ఈ వైభోగం తక్కువ. అక్కడ దానికున్న ముఖ్యమైన పనులు నీడ, గాలి, వెలుతురు. తమాషా ఏమిటంటే మండువా ఇల్లనగానే మనకు గుర్తొచ్చేది కోనసీమే.

అక్కడ వాన కూడా పెద్ద పరీక్షే. లోపలికి వాలిన కప్పులూ మండువా కలిపి 60 చదరపు మీటర్లైతే, పది సెంటీమీటర్ల వాన కురిసిన రోజున ఆరు వేల లీటర్లు నడింట్లోకి దిగుతాయి. తూములో నాలుగు ఆకులు అడ్డం పడితే చాలు, వసారాలోకి నీళ్ళు. రెండు వాలు కప్పులు కలిసే మూలలు ఈ ఇంటికి బలహీనమైన చోటు. కురిసేది అక్కడే, దూలం పుచ్చేదీ అక్కడే. ఏటా వానలకు ముందు పెంకులు సర్దించుకోవాలి. తెలిసిన పనివాళ్ళు దొరక్క లోగిళ్ళు కూలగొట్టుకున్నవాళ్ళను తప్పుపట్టలేం.

ఈ ఇళ్ళ మీద మురిపెంగా రాసేవాళ్ళు ఇంకో సంగతి దాటవేస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో పెరిగిన సంపదే పెద్ద లోగిళ్ళలో చాలావాటిని కట్టించింది. ఆ సంపద పండించిన కూలీలకు అరుగు దాటి లోపలికి ప్రవేశం లేదు. వీధి కంట పడకుండా ఆరుబయలు దొరకడం ఆడవాళ్ళకు సౌకర్యమూ అయింది, కట్టడీ అయింది. వేళకు తలుపులు మూసి తీసి, నీళ్ళు జల్లి, తూము శుభ్రం చేసి ఆ యంత్రాన్ని నడిపింది వాళ్ళే.

ఇప్పటి మండువాల దగ్గరికి వద్దాం. కొత్తగా కట్టుకునే ఇళ్ళలో నడుమ మండువా పెట్టి, పైన గాజు బిగించేస్తున్నారు. దోమలు, దుమ్ము, కోతులు, దొంగలు అన్న భయాల్లో అబద్ధమేమీ లేదు. కానీ గాజు ఎండను లోపలికి రానిస్తుంది, నేలా గోడలూ వెళ్ళగక్కే పరారుణ వేడిని బయటికి పోనివ్వదు. వేడెక్కిన గాలికీ దారి మూసుకుపోతుంది. పాలికార్బొనేట్ పలకలు వేసినా ఇదే వరస. మండువా చేసే పనుల్లో రాత్రి చల్లబరచడం, గాలి ఆడించడం రెండూ ఆగిపోయి, వెలుతురు ఒక్కటే మిగులుతుంది. వెలుతురుతో పాటు ఎండ వేడి కూడా వచ్చి పడుతుంది. తప్పనిసరైతే గాజును చూరుకన్నా అడుగున్నర రెండడుగులు పైకెత్తి, చుట్టూ దోమతెర బిగించిన ఖాళీ వదిలి, గాజు మీద వేసవిలో నీడ పరిచే ఏర్పాటు చేసుకోవాలి. గాజు అసలు మానేసి ఇనుప గ్రిల్లు, దోమతెరతో సరిపెట్టుకోగలిగితే మరీ మంచిది.

రోజంతా ఏసీ నడిచే ఇంటికి మండువా వద్దని నా అభిప్రాయం. పది మీటర్ల నలుచదరపు ఇంటికి బయటి గోడ 40 మీటర్లు. నడుమ మూడు మీటర్ల మండువా పెడితే ఇంకో 12 మీటర్ల గోడకు ఎండా గాలీ తగులుతాయి. ముప్పై శాతం ఎక్కువ గోడ నుంచి చల్లదనం కారిపోతుంది.

అసలు చిక్కు స్థలంలో ఉంది. మన పురపాలక నిబంధనలు సాధారణంగా ఇంటి చుట్టూ ఖాళీ వదలమంటాయి. ఎంతన్నది స్థలం విస్తీర్ణాన్నీ ఇంటి ఎత్తునూ బట్టి మారుతుంది. ఉదాహరణకు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న రెండు వందల గజాల స్థలంలో ముందు ఐదు అడుగులు, తక్కిన మూడు వైపులా మూడేసి అడుగులు వదిలితే ఖాళీ మొత్తం 552 చదరపు అడుగులు. ఆ పక్క సందుల్లో మోటారు, గ్యాస్ సిలిండరు, పాత సామాను చేరతాయి. అదే ఖాళీని ఒకచోట కూర్చితే 23 అడుగుల పైచిలుకు నలుచదరం వస్తుంది. 1972లో వాస్తుశిల్పులు లెస్లీ మార్టిన్, లియొనెల్ మార్చ్ కేంబ్రిడ్జ్‌లో ఇలాంటి లెక్కలే నగరం స్థాయిలో వేసి, స్థలం నడుమ నిలబెట్టిన పొడుగు భవనాల్లో పట్టేంత జాగా అంచుల వెంట కట్టిన కురచ భవనాల్లోనూ ఇమడగలదని, నడుమ పెద్ద ఖాళీ కూడా మిగులుతుందని చూపించారు. రెండు వందల గజాల దగ్గర దాన్ని అమలు చెయ్యాలంటే పక్కవాళ్ళ గోడకు గోడ ఆనించి కట్టాలి. ఒక్క ఇంటివాడు అనుకుంటే అది జరిగేది కాదు. లేఅవుట్ గీసేటప్పుడే వరస ఇళ్ళకు అనుమతి తీసుకుని, ఉమ్మడి గోడలు ఎవరివో పత్రాల్లో రాసుకుని ఉండాలి.