పడమటి మండలాల్లో తుంగ: ఉనికి, వ్యాప్తి, నివారణ

వాడుకలో తుంగను గడ్డిగానే పరిగణిస్తారు. వృక్షశాస్త్రరీత్యా అది గడ్డి కాదు, సైపరేసి కుటుంబానికి చెందిన మొక్క. కాండాన్ని వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు అంచులు తగులుతాయి; ఆకులు మూడు వరుసల్లో పుడతాయి. ఈ భేదం వర్గీకరణకే పరిమితం కాదు. గడ్డిజాతి కలుపును మాత్రమే చంపే క్విజలోఫాప్ వంటి మందులు తుంగను అదుపు చేయలేవు.

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాలైన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో చెరువు కింది మాగాణి, బోరు కింది తోటభూమి పక్కపక్కనే ఉంటాయి. వరిమళ్లలో సాధారణమైన సైపరస్ ఇరియా, సైపరస్ డిఫార్మిస్ విత్తనంతో వ్యాపించే ఏకవార్షికాలు. గింజ పట్టకముందే తీసివేస్తే ఇవి చాలావరకు అదుపులో ఉంటాయి. చిక్కంతా తోటభూముల్లోని సైపరస్ రోటండస్‌తోనే. ఆయుర్వేదంలో ముస్తగా వాడేది, కాళిదాసు శాకుంతలంలో అడవిపందులు తవ్వే ముస్త ఇదేనని సాధారణంగా గుర్తిస్తారు. 1977లో హోల్మ్ బృందం వెలువరించిన గ్రంథం దీనిని ప్రపంచంలోనే అత్యంత హానికరమైన కలుపుగా పేర్కొంది.

దీని బలం విత్తనంలో లేదు, భూమిలో గొలుసుకట్టుగా పెరిగే గడ్డల్లో ఉంది. గొలుసు చివరి గడ్డ మొలకెత్తుతూ తక్కినవాటిని నిద్రావస్థలో ఉంచుతుంది. తడినేలలో రోటవేటర్ తిప్పితే గొలుసు తెగి, నిద్రపోతున్న గడ్డలన్నీ మేల్కొంటాయి. కలుపు తీసిన కొద్దిరోజులకే చేను మళ్లీ పచ్చబడుతుందన్న రైతు ఫిర్యాదుకు కారణం ఇదే. కూలీ ఖర్చు రెండింతలైనా ఫలితం దక్కదు.

టమాటా సాగులో సమస్య మరింత జటిలం. బిందుసేద్యపు తేమ తుంగకూ అందుతుంది. ఇతర కలుపును అణచే ప్లాస్టిక్ మల్చింగ్ షీటును తుంగ మొలక సూదిలా చీల్చుకొని పైకి వస్తుంది. పెండిమిథాలిన్ గడ్డలను చంపదు. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ చెరకు, మొక్కజొన్నల్లో తుంగపై బాగా పనిచేస్తుంది గనుక, ఆ పైర్లతో మార్పిడి చేసిన ఏడాదే దాన్ని వాడుకోవడం మేలు. గ్లైఫోసేట్ వాడకాన్ని కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో లైసెన్సు గల తెగులు నివారణ నిర్వాహకులకే పరిమితం చేసింది.

నా దృష్టిలో ఎండాకాలమే అసలు అవకాశం. గడ్డల్లో అధికభాగం పైపొరలోనే ఉంటాయి, ఎండితే చస్తాయి. నీరు పెట్టని పొడినేలను నాగలితో లోతుగా దున్ని, గడ్డలను ఎండకు వదలాలి. తుంగ నీడను ఓర్వదు కాబట్టి, తొలకరిలో జనుము వంటి దట్టమైన పైరు వేస్తే మిగిలినవీ నీరసిస్తాయి. అయితే చెరువుమట్టి, పశువుల ఎరువు, అద్దె ట్రాక్టరు పరికరాలకు అంటిన మన్ను ద్వారా గడ్డలు మళ్లీ పొలం చేరవచ్చు. దున్నకానికి ముందు ఆ పరికరాలను గట్టుమీదే శుభ్రం చేయించాలి.