మంచుకోటకు ద్వారపాలకుఁడు

హాకీ యనఁగానే మనకు పచ్చికబయలును, ధ్యాన్‌చంద్ పేరును స్ఫురించుట సహజము. మంచుగడ్డపై నాడు హాకీ మఱియొకటి కలదు. లడఖ్ ప్రాంతమున చెఱువులు గడ్డకట్టినపుడు బాలురును బాలికలును దాని నాడుచున్న చిత్రములను మా సోదరీమణులు చూచియే యుందురు. ఈ యాటలో నొక్కొక్క పక్షమున ఒకేసారి ఆర్గురు మాత్రమే నిలుతురు. అందఱి కాళ్లకును అడుగున ఇనుపకత్తి బిగించిన స్కేటులుండును. బంతికి బదులు మూఁడంగుళముల వెడల్పును అంగుళము మందమును గల గట్టి రబ్బరు బిళ్ల నుపయోగింతురు. దానికి ‘పక్’ అని పేరు. బలవంతుఁడైన యాటగాఁడు కఱ్ఱతో కొట్టినచో ఆ బిళ్ల గంటకు నూఱు మైళ్లకు మించిన వేగముతో వచ్చును. ఆఱడుగుల వెడల్పును నాలుగడుగుల యెత్తును గల గోలు ముంగిట నిలిచి, చేతితోనో కఱ్ఱతోనో, కాదేని దేహముతోనో, దాని నడ్డగింపవలసినవాఁడు గోలుకీపరు.

ఈ నెల మేము చెప్పఁబూనినది అట్టి యొక ఫ్రెంచి గోలుకీపరు కథ. అతని పేరు క్రిస్టొబాల్ ఉయే. వ్రాఁతలో ఈ యింటిపేరునకు మొదట హకారమున్నను ఫ్రెంచివారు దానిని పలుకరు గావున మేమును విడిచితిమి. ఆటల ముచ్చట స్త్రీల పత్రికలో నేల యని కొంద ఱడుగవచ్చును. గోలు కాయువాని పని మన వంటయింటి పనివంటిదే యని మా యభిప్రాయము. ముప్పది దెబ్బల నాపినను ఎవ్వరును తలఁపరు. ముప్పదియొకటవది తప్పిపోయినచో వేలజనము లేచి యఱచును. నూఱు దినములు చక్కఁగా నుడికిన పప్పు నూటయొకటవనాఁడు మాడినచో ఇంట నేమి జరుగునో మన మెఱుఁగనిది కాదు గదా!

ఫ్రాన్సు దేశపు ఆగ్నేయభాగమున, ఆల్ప్సు కొండల నడుమ గ్రెనోబ్ల్ నగరము కలదు. 1968 లో శీతకాల ఒలింపిక్ క్రీడలు జరిగిన దిచ్చటనే. ఈ నగరము నంటియున్న సెన్ మార్టెన్ దేర్ అను నూర 1975 సెప్టెంబరు 3 వ తేదీన ఉయే జన్మించెను. మొట్టమొదటి శీతకాల ఒలింపిక్కులు 1924 లో ఆ దేశమందలి షామొనీలోనే జరిగినను, ఫ్రెంచివారికి ఫుట్‌బాలు, రగ్బీ, సైకిలు పందెము లనిన నున్న మక్కువ మంచుహాకీపై లేదు. దానినే నమ్ముకొని జీవింపఁబూనుట యచ్చట సాహసమే. ఈ యాటకు శిఖరమనఁదగినది ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగు. ఫ్రాన్సులోఁ బుట్టి, అచ్చటనే యాట నేర్చి, ఆ లీగున మొదట నడుగిడినవాఁడు షామొనీ వాస్తవ్యుఁడగు ఫిలిప్ బొజోన్. అది 1992 లో జరిగెను. గోలు కాయుటకు మాత్రము ఆ దేశమునుండి అంతవఱకు నొక్కఁడును పోలేదు.

ఉయే గ్రెనోబ్ల్ క్లబ్బుననే పెరిగెను. 1998 లో ఆ జట్టు ఫ్రాన్సు విజేత యైనపుడు గోలు కాచినవాఁ డతఁడే. ఆ యేఁటనే ఫ్రాన్సు జట్టుతో జపానులోని నగానో ఒలింపిక్కులకుఁ బోయెను. పిదప స్విట్జర్లండులో, ఇటాలియను భాష మాటాడు లుగానో పట్టణపు జట్టున చేరి, మఱుసటి వత్సరమే ఆ దేశపు విజేతగా నిలిచిన జట్టులో నుండెను. అచ్చట నాలుగేండ్లు నిలుకడగా నాడెను.

అమెరికా లీగువారు ఏటేటఁ గ్రొత్త యాటగాండ్రను వరుసక్రమమున నెన్నుకొందురు. ఎన్నికైనవారిలోఁ బెక్కురు పదునెనిమిదేండ్ల బాలురు. 2001 లో లాస్ ఏంజెల్స్ జట్టువారు ఉయేను ఎన్నుకొనునప్పటి కతనికి ఇరువదియైదేండ్లు; ఏడవ విడత, 214 వ స్థానము. అనఁగా పెండ్లిపందిట నందఱికిని వడ్డన యైన తరువాత వచ్చిన విస్తరి వంటిది. ఐనను అతఁడు పోయెను. మొదట దిగువ లీగునందలి మాంచెస్టరు జట్టునందును, నడుమ నడుమ లాస్ ఏంజెల్స్ నందును ఆడి, 2003-04 లో నలువదికిఁ బైగా ఆటలలో గోలు కాచెను. అంతట 2004 జూనులో నతనిని మాంట్రియల్ జట్టునకు బదిలీ చేసిరి. ఆ వెంటనే యజమానులకును ఆటగాండ్రకును జీతముల తగవు ముదిరి లీగు సంవత్సరము పొడుగున మూఁతపడెను. ఉయే జర్మనీలోని మాన్‌హైమునకుఁ బోయి ఆడెను. మోకాలికి గాయమగుటచే, లీగు తిరిగి తెఱచునప్పటికి మాంట్రియల్ జట్టున తొలినాళ్లలో దిగఁజాలకపోయెను.

మాంట్రియల్ సంగతి కొంత విపులముగఁ జెప్పవలెను. కెనడాలోని యీ నగరము ఫ్రెంచి మాటాడునది. అచ్చటి కనేడియన్స్ జట్టు స్టాన్లీ కప్పును 24 మార్లు గెలిచినది. మఱి యే జట్టునకు నంతటి ఘనత లేదు. జనులకు హాకీ యనిన భక్తివంటిదే యున్నది. ఆ జట్టు గోలున నిలుచుట యనఁగా మహామహుల పీఠముపైఁ గూర్చుండుటయే. పూర్వము అచ్చట నిలిచిన ఝాక్ ప్లాంట్ అనువాఁడు 1959 నవంబరు 1 వ తేదీన న్యూయార్కులో ముఖమునకు దెబ్బ తగిలి, కుట్లు వేయించుకొని, ముసుగు ధరించిననే గాని మరల దిగనని పట్టుపట్టెను. నేఁడు గోలుకీపరు లందఱును ముసుగు ధరించుట కతఁడే మార్గదర్శి. మా సోదరీమణులకు మఱింత రుచించు ముచ్చట యొకటి: ఈ వీరుఁడు తీఱికవేళల ఉన్ని యల్లుచుండెడివాఁడు, తన టోపీలను, మేజోళ్లను తానే యల్లుకొనెను. ఆ క్వెబెక్ రాష్ట్రమునకే చెందిన మానోన్ రేయోమ్ అను యువతి 1992 లో టాంపా బే జట్టు పక్షమున, పురుషులతో జరిగిన యొక సన్నాహపుటాటలో గోలు కాచినది. ఆ లీగు జట్టున స్త్రీ దిగుట అదియే ప్రథమము.

ఉయే చేరునప్పటికి ఆ గోలు జోసె థియోడోర్‌ది. 2002 లో లీగున కంతటికి నుత్తముఁడను బిరుదు పొందిన స్థానికుఁ డతఁడు. అయితే 2005-06 లో నతని యాట తగ్గెను. గాయము మానిన ఉయే నెమ్మదిగా నందుకొనెను. 2006 మార్చిలో థియోడోరును కొలరాడోకుఁ బంపివేసి, జట్టువారు ఫ్రాన్సునుండి వచ్చిన యీ ముప్పదియేండ్లవానినే నమ్ముకొనిరి. ఆ యేఁట గోలుమీఁదికి వచ్చిన ప్రతి వేయి దెబ్బలలో 929 టి నతఁ డాపెను. సామాన్యముగ తొమ్మిదివందల ప్రాంతమున నుండు లెక్క యిది. ఆ సంవత్సరము లీగున నంతకు మించినవాఁడు లేఁడు. మఱుసటి జనవరిలో డల్లాసున జరిగిన మేటి యాటగాండ్ర ప్రదర్శనపుటాటకు నాహ్వానింపఁబడెను. విస్తరి కడపట వచ్చినను భోజనము పసందుగనే జరిగినది!

గోలుకీపరు భాగ్యము మంచువలెనే కరఁగును. 2007 ఫిబ్రవరిలో ఉయే తొడవెనుక కండరము దెబ్బతినెను. వారముల తరబడి విశ్రాంతి. అతఁడు లేనపుడు యారొస్లావ్ హలాక్ అను స్లొవాక్ యువకుఁడు చక్కఁగాఁ గాచెను. ఏప్రిల్ 7 న టొరంటోతోఁ గడపటి యాట. గెలిచినచో ముందంజ, లేనిచో ఆ యేఁటి కంతే. శిక్షకుఁడు హలాకును కూర్చుండఁబెట్టి, అప్పుడే కోలుకొన్న ఉయేను దింపెను. ఆఱు గోలులు పడెను. మాంట్రియల్ అయిదే వేసెను. దింపినవానిదే తప్పని మేము తలఁతుము, కాని జనులు గోలు కాచినవానినే చూతురు. మఱుసటి సంవత్సరము ఇరువదియేండ్ల కేరీ ప్రైస్ అనువానికి దారి విడుచుటకై, 2008 ఫిబ్రవరి 26 న ఉయేను వాషింగ్టనునకు ఇచ్చివేసిరి. ప్రతిగాఁ బుచ్చుకొన్నది, పైయేఁటి యెన్నికలో రెండవ విడత నొక బాలు నెన్నుకొను హక్కు. మనుష్యుని నిట్లు మార్చుకొనుట మాకు విననింపుగా లేదు. ఆ లీగున నిది నిత్యకృత్యము.

వాషింగ్టనులో నతఁ డాడినవి పదుమూఁ డాటలు, గెలిచినవి పదునొకండు. ఆశ వదలుకొన్న జట్టు ముందంజకుఁ బోయినది. ఆ వేసవి షికాగోవారు నాలుగేండ్లకు 2 కోట్ల 25 లక్షల డాలర్లు ఒప్పుకొనిరి. ఈ ధనమే తరువాత నతనికి భారమైనది.

2009 మే నెలలో డెట్రాయిటుతో జరిగిన పోరాటమున, ముఖ్య గోలుకీపరు గాయపడఁగా ఉయే దిగెను. కడపటి యాటలో 44 దెబ్బల నాపెను. అదనపు వేళలో నొక్కటి జాఱి, షికాగో 2-1 తో నోడెను. ఆ 44 టిని నేఁడు తలఁచువా రెందఱు? మఱుసటి యేఁడు ఆట కొంచెము సడలఁగా, ఆంటి నియెమి యను ఫిన్లండు యువకుఁడు, ఉయే జీతములో స్వల్పభాగమే పొందుచున్నవాఁడు, స్థానమును గైకొనెను. 2010 జూన్ 9 న షికాగో నలువదితొమ్మిదేండ్లకు స్టాన్లీ కప్పు గెలిచెను. ఉయే బల్లపైఁ గూర్చుండి చూచెను. ఫ్రాన్సులో నేర్చిన యాటగాని పేరు ఆ వెండికప్పుపైఁ జెక్కఁబడుట అదియే మొదలు. ఆ పోరాటములలో నతఁడు గోలున నిలిచినది ఒక యాటలో కొంతసేపు మాత్రమే.

జట్టుకు జీతముల క్రింద ఇంతకు మించి వ్యయము చేయరాదను కట్టడి ఆ లీగునఁ గలదు. గెలిచిన జట్టు ఆ కట్టడిని దాఁటిపోవుచుండెను. కప్పు వచ్చిన కొలఁదిమాసములలోనే ఉయేను స్విట్జర్లండులోని ఫ్రిబూర్ జట్టునకు ఎరువిచ్చిరి. జీతము షికాగోదే, లెక్కలో మాత్రము పడదు. చిత్రమేమన, కప్పు గెలిపించిన నియెమి సైతము ఎక్కువ జీతము కోరఁగా నిలుపుకొనక విడిచిరి. ఇద్దఱు ద్వారపాలకులును పోయిరి, కోట మిగిలినది!

గ్రెనోబ్ల్, లుగానో, మాంచెస్టరు, లాస్ ఏంజెల్స్, మాన్‌హైము, మాంట్రియల్, వాషింగ్టను, షికాగో, ఫ్రిబూర్: ఇన్నియూళ్ల కాపురము పదునైదేండ్లలోపల. సామాను సర్దుట యననేమో యెఱిఁగిన గృహిణులు ఈ పట్టిక చదివి నిట్టూర్పక యుండరు.

పేరు చాలును, ఇంక విశ్రమింతునని ఉయే యనలేదు. 2012 లో, ముప్పదియేడవ యేఁట, లేమాన్ సరస్సు నొడ్డుననున్న లోజాన్ పట్టణపు జట్టున చేరెను. అది యప్పుడు స్విట్జర్లండు రెండవతరగతి లీగున నుండెను. స్టాన్లీ కప్పుపైఁ బేరున్నవాఁడు అచ్చటికిఁ బోవుట మెట్లు దిగుటయే యని చూచినవా రనుకొనవచ్చును. 2013 వసంతమున ఆ జట్టు పైతరగతికి నెక్కెను. మఱుసటి యేఁట విజేతల వరుసలోనికిఁ జొచ్చి, బలిష్ఠమైన జ్యూరిచ్ జట్టును ఏడవ యాటదాఁక లాగినది. అమెరికా లీగునఁ గోట్లు పుచ్చుకొని కూర్చున్న రెండేండ్లకంటె, ఈ పట్టణమున నిలిచిన యాఱేండ్లే యతని కథకు మేలైన భాగమని మేము నిస్సంశయముగఁ జెప్పుదుము. చిన్నజట్టునకు నమ్మకమైన గోలుకీపరుండిన, ముందున్న యైదుగురును జంకులేక పరుగిడుదురు.

తన దేశపు జట్టును మాత్రము అతఁడు విడువలేదు. నగానో తరువాత 2002 లో సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్కులకును బోయెను. 2017 లో ప్రపంచ పోటీలలో కొన్ని ప్యారిస్ నగరమున జరిగినపుడు, నలువదియొకటవ యేఁట స్వజనుల యెదుట నా జట్టునకు వీడ్కోలు చెప్పెను. 2018 లో ఆట చాలించి, అదే లోజాన్ క్లబ్బులో గోలుకీపరులకు శిక్షకుఁడయ్యెను.