ప్రోటీన్ ఎక్కువైతే మూత్రపిండాలకు ముప్పా?

బరువు తగ్గాలనుకునేవారు అన్నం తగ్గించి గుడ్లు, చికెన్, ప్రోటీన్ పొడులు పెంచుతుంటారు. ప్రోటీన్ ఆకలిని అదుపులో ఉంచుతుంది, కండ కరిగిపోకుండా కాపాడుతుంది. అయితే అవసరానికి మించిన ప్రోటీన్‌ను శరీరం దాచుకోలేదు. అందులోని నత్రజనిని కాలేయం యూరియాగా మారిస్తే, మూత్రపిండాలు దాన్ని వడపోసి బయటకు పంపుతాయి.

ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు ఈ అదనపు పనిని సాధారణంగా తట్టుకుంటాయి. ఇప్పటికే దెబ్బతిన్నవాటికి మాత్రం అది భారమే. చిక్కేమిటంటే, మూత్రపిండాల జబ్బు తొలిదశలో లక్షణాలు చాలావరకు బయటపడవు. అందుకే మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవారు ముందుగా క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించుకుని, వైద్యుల సలహాతోనే ప్రోటీన్ పెంచాలి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అవసరం. అంటే 60 కిలోల వ్యక్తికి సుమారు 50 గ్రాములు.