ఎన్ని మోపులు కావాలి?

పిల్లలూ! ఒక ప్రశ్న అడుగుతాను. మీ పెరట్లో ఒక మడి ఉన్నది. దాని మీద ఎండుగడ్డి పరచాలి. ఎంత గడ్డి కావాలి?

"ఎంత పడితే అంత!" అంటారు మీరు. నేనూ ఒకప్పుడు అట్లాగే అన్నాను. ఆ మాట వల్ల 22 మొక్కలు చచ్చిపోయినవి. ఆ కథ తరువాత చెబుతాను. ముందు మా మనవడి కథ వినండి.

మా అమ్మాయి కుటుంబం అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో ఉంటున్నది. ఉద్యోగ విరమణ చేసిన తరువాత, 2023 వేసవిలో నేను అక్కడికి వెళ్ళాను. ఆ ప్రాంతపు నేల మన గోదావరి జిల్లాల మెట్ట భూములలాగా ఎర్రగా ఉంటుంది. జిగట మన్ను. వాన కురిస్తే బురద, ఎండ కాస్తే పెంకు. ఎక్కడ చూసినా పైన్ చెట్లు. ఆకు అంటే మన మామిడాకు వంటిది కాదు. సన్నని పొడుగాటి సూదులు, మూడేసి కలిసి ఒక కుచ్చుగా ఉంటవి. ఆ చెట్లలో లాంగ్‌లీఫ్ పైన్ అని ఒక జాతి ఉన్నది. దాని ఆకు 8 అంగుళాల నుంచి 18 అంగుళాల దాకా పెరుగుతుంది! అంటే మీ స్కూలు స్కేలు కన్న పొడుగన్న మాట. ఒకప్పుడు ఆ జాతి అడవులు అమెరికా ఆగ్నేయ భాగంలో సుమారు 9 కోట్ల ఎకరాలలో ఉండేవని అంచనా. కలప కోసం, సాగు కోసం నరికివేయగా ఇప్పుడు అందులో చాలా కొద్ది భాగమే మిగిలింది.

ఈ ఆకులు ఎండి రాలుతవి. వాటిని పోగుచేసి, అదిమి, తాళ్ళతో కట్టి మోపులుగా అమ్ముతారు. మన పత్తి బేళ్ళ వలె వాటినీ బేళ్ళనే అంటారు. జనం వాటిని కొని తోటలో మొక్కల చుట్టూ పరుస్తారు.

"రాలిన ఆకును డబ్బిచ్చి కొనడమా!" అని నేను ఆశ్చర్యపోయాను.

ఆకు దుప్పటి ఏం చేస్తుంది?

నేల మీద ఇట్లా ఆకుగాని, గడ్డిగాని పరచడాన్ని ఆచ్ఛాదన అంటారు. మన రైతులు ఇప్పుడు మల్చింగ్ అని కూడా అంటున్నారు. దాని వల్ల నాలుగు ప్రయోజనాలున్నవి.

మొదటిది: ఎండ, గాలి నేరుగా మట్టిని తాకవు. అందుచేత తడి త్వరగా ఆవిరై పోదు. రెండవది: కలుపు గింజలకు వెలుతురు అందదు, చాలావరకు మొలవవు. మూడవది: వాన చినుకు నేరుగా మట్టి మీద పడి మన్నును కొట్టుకు పోనివ్వదు. నాలుగవది: ఆకు మెల్లగా చివికి మట్టిలో కలిసి నేలను గుల్లబారుస్తుంది.

పైన్ ఆకులో ఇంకొక సుగుణం ఉన్నది. సూదులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుంటవి. కనుక ఏటవాలు నేలలో కూడా వానకు కొట్టుకుపోవు. అయినా వాటి సందుల్లోంచి నీరు సులభంగా కిందికి దిగుతుంది.

"పైన్ ఆకు వేస్తే నేల పులిసిపోతుందంటారు, నిజమేనా నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. పచ్చి ఆకులో కొంత ఆమ్లగుణం ఉన్న మాట నిజమే. కాని పైన పరచిన ఎండాకు చివికేటప్పుడు ఆ గుణం తగ్గిపోతుంది. నేల స్వభావాన్ని అది చెప్పుకోదగినంతగా మార్చదు.

మనవడి లెక్క

మా మనవడికి పదేళ్ళు. వాడు తన చేతులతో బంతి నారు, గోంగూర పెట్టుకున్నాడు. జూలైలో వాళ్ళంతా రెండు వారాలు ఊరికి వెళ్ళవలసి ఉన్నది. నీళ్ళు పోసేవారు లేరు. మొక్కలు ఎండిపోతాయేమోనని వాడికి దిగులు.

"ఎన్ని మోపులు తెమ్మంటావురా?" అన్నది వాళ్ళమ్మ.

"పది!" అన్నాడు వాడు.

"ఎందుకు పది?" అన్నాను నేను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

"రా, కొలుద్దాం," అని టేపు తీశాను.

తోటలో మూడు మడులున్నవి. మొదటిది నడకదారి వెంట ఉన్న మడి. పొడవు 30 అడుగులు, వెడల్పు 4 అడుగులు. దీని వైశాల్యం మీరూ చెప్పగలరు. 30 × 4 = 120 చదరపు అడుగులు.

రెండవది ఒక చెట్టు చుట్టూ ఉన్న గుండ్రని పాదు. అడ్డంగా 10 అడుగులున్నది. అంటే వ్యాసార్ధం 5 అడుగులు. 3.14 × 5 × 5 = 78.5. కాని కాండానికి ఆనించి ఆకు వేయకూడదు. తడి నిలిచి బెరడు కుళ్ళిపోతుంది. అందుచేత నడుమ 1 అడుగు వ్యాసార్ధం వదిలివేశాం. 3.14 తీసివేస్తే సుమారు 75 చదరపు అడుగులు మిగిలింది.

మూడవ మడి వంకర టింకరగా ఉన్నది. అటు చతురస్రమూ కాదు, ఇటు వృత్తమూ కాదు. మా మనవడు తల గోక్కున్నాడు.

"భయమెందుకు? దోసకాయను ముక్కలు కోసినట్టు కోద్దాం," అన్నాను. మడి పొడవు 16 అడుగులు. నాలుగేసి అడుగులకు ఒక పుల్ల పాతి నాలుగు ముక్కలు చేశాం. ఒక్కొక్క ముక్క నడిమధ్యన వెడల్పు కొలిచాం. 3, 5, 6, 4 అడుగులు వచ్చినవి. కలిపితే 18. దాన్ని ముక్క పొడవు 4తో హెచ్చిస్తే 72 చదరపు అడుగులు. వంకర మడి లెక్కకు లొంగింది!

మొత్తం: 120 + 75 + 72 = 267 చదరపు అడుగులు.

"అయిపోయింది!" అన్నాడు మనవడు.

"కాలేదురా. ఎంత మందం?" అన్నాను.

మరచిపోయిన మూడో కొలత

ఇక్కడ నా కథ చెప్పాలి. సుమారు 30 ఏళ్ళ క్రిందట నేనొక పల్లెటూరి బడిలో లెక్కల మాస్టారిని. ఏడవ తరగతి పిల్లలు 30 మంది కలిసి బడి ఆవరణలో టమాటా మడి వేశారు. తలా రెండు మొక్కలు, మొత్తం 60. మడి 40 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. ఉగాదికి వరుసగా మూడు రోజులు సెలవు వచ్చింది. మండే ఎండలు. "గడ్డి పరచి వెళదాం," అన్నాను. పిల్లలు మడి కొలిచి 240 చదరపు అడుగులని చెప్పారు. నేను, "సరే, రెండు మోపుల వరిగడ్డి చాలు," అన్నాను. కంటి అంచనా! పిల్లలు ఆ రెండు మోపులే మడి అంతా సర్దారు. గడ్డి సందుల్లోంచి మట్టి కనబడుతూనే ఉన్నది.

సెలవు ముగిసి వచ్చేసరికి 22 మొక్కలు తలలు వాల్చి ఎండిపోయి ఉన్నవి. రెండు మొక్కలూ పోగొట్టుకున్న ఒక కుర్రవాడు ఏడవలేదు. కాసేపు మడి వైపు చూసి, "పొడవు కొలిచాం, వెడల్పు కొలిచాం. మందం కొలవలేదు గదండీ మాస్టారూ?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఘనపరిమాణం పాఠం చెప్పింది నేనే. "పొడవు, వెడల్పు, ఎత్తు" అని వాళ్ళ చేత వల్లె వేయించింది నేనే. ఆ మూడవ మాటను నల్లబల్ల మీదనే వదిలివేసి తోటలోకి వచ్చాను. ఆ రోజు తరగతిలో, "తప్పు నాది," అని చెప్పాను. మళ్ళీ నారు తెచ్చి నాటుకున్నాం. కాని ఆ కుర్రవాడి ప్రశ్న మాత్రం నేను ఈనాటికీ మరచిపోలేదు.

లెక్క మోసం చేసిందా?

ఇక జార్జియా తోటకు వద్దాం. పైన్ ఆకు 3 అంగుళాల మందం వేయాలనుకున్నాం. మరీ పలచనైతే ఎండ దూరుతుంది. మరీ మందమైతే వేళ్ళకు గాలి అందదు. 3 అంగుళాలంటే పావు అడుగు. 267ను 4తో భాగిస్తే సుమారు 67 ఘనపుటడుగులు.

దుకాణం నుంచి ముందుగా ఒకే మోపు తెచ్చాం. మనవడు దాన్ని కొలిచాడు. పొడవు 28 అంగుళాలు, వెడల్పు 14, ఎత్తు 14. హెచ్చిస్తే 5,488 ఘనపుటంగుళాలు. ఒక ఘనపుటడుగుకు 1,728 ఘనపుటంగుళాలు గనక, మోపు సుమారు 3.18 ఘనపుటడుగులు. 67ను 3.18తో భాగించాడు.

"తాతయ్యా! 21 మోపులు కావాలి!" అని అరిచాడు.

వాళ్ళమ్మ గుండె మీద చెయ్యి వేసుకున్నది. ఎక్కడా తప్పు లేదు. హెచ్చవేత సరిగానే ఉన్నది, భాగహారమూ సరిగానే ఉన్నది. కాని నాకు అనుమానం కలిగింది.

"తొందరపడకురా. ముందు ఈ ఒక్క మోపు విప్పి చూద్దాం," అన్నాను.

తాడు తెంచామో లేదో, ఆకు బుస్సున పొంగింది! దులిపి, విడదీసి నడకదారి మడిలో పరిచాం. స్కేలు గుచ్చి పది చోట్ల చూసి, 3 అంగుళాలకు సరిచేశాం. ఆ ఒక్క మోపే 10 అడుగుల పొడవున వచ్చింది. మడి వెడల్పు 4 అడుగులు. అంటే 40 చదరపు అడుగులు!

కారణం మీకు తెలిసే ఉంటుంది. మోపులో ఆకును అదిమి కట్టారు. విప్పితే మూడింతలు అయింది. దూదిబస్తా విప్పితే గదంతా నిండదూ? అట్లాగే. మోపును కొలవడం కాదు, మోపు కప్పే నేలను కొలవాలి.

ఇక మిగిలింది చిన్న త్రైరాశికం. 40 చదరపు అడుగులకు 1 మోపు. 267 చదరపు అడుగులకు ఎన్ని? ఆరుకు పైన, ఏడుకు లోపల. మూలల కోసం, గాలికి ఎగిరేదాని కోసం పదో వంతు కలిపితే 294. దాన్ని 40తో భాగిస్తే ఏడుకు కొంచెం పైన. మోపులో ముక్క అమ్మరు గనక 8 మోపులు. ఒకటి తెచ్చాం, ఇంకా 7 తేవాలి. ఎక్కడి 21, ఎక్కడి 8!

మరి మందం 4 అంగుళాలు కావాలంటే? అదే మోపు తక్కువ నేలను కప్పుతుంది. 40ని 3తో హెచ్చించి 4తో భాగించండి. 30 చదరపు అడుగులే. మందం పెరిగితే విస్తీర్ణం తగ్గుతుంది. దీన్నే విలోమానుపాతం అంటారు.

ఒక జాగ్రత్త చెప్పాను. ఎండిన పైన్ ఆకు ఇట్టే అంటుకుంటుంది. అక్కడి ఇళ్ళు ఎక్కువగా కొయ్యతో కట్టినవి. అందుచేత ఇంటి గోడకు దూరంగానే పరిచాం. మన దేశంలో ఉత్తరాఖండ్ కొండల్లో చిర్ పైన్ అడవులున్నవి. అక్కడ రాలిన ఆకును పిరూల్ అంటారు. వేసవిలో అడవి మంటలు వేగంగా వ్యాపించడానికి అదొక ముఖ్య కారణం.

మన ఊళ్ళో ఎట్లా?

మనకు పైన్ ఆకు లేదని విచారించకండి. వరిగడ్డి ఉన్నది, ఎండుటాకులున్నవి. సముద్రతీరాన ఉన్నవారికి సరుగుడు తోటలున్నవి. సరుగుడు కింద రాలిన సన్నని పుల్లలు అచ్చం పైన్ ఆకులాగే ఉంటవి. కాని నిజానికి అవి ఆకులు కావు, కణుపులున్న సన్నని రెమ్మలు! ఒక రెమ్మ తీసుకుని కణుపు దగ్గర లాగితే ఊడి వస్తుంది. ఆ కణుపు చుట్టూ పళ్ళలాగా కనిపించే చిన్న చిన్న పొలుసులే అసలు ఆకులు. భూతద్దంతో చూడండి.

వరిగడ్డి వేసేటట్లయితే గింజలు లేకుండా దులిపి వేయండి, లేకపోతే అవే మొలుస్తవి. చెదలున్న చోట అప్పుడప్పుడు గడ్డి ఎత్తి చూస్తూ ఉండండి. మోపులు లేకపోతే గంపతో కొలవండి. ముందు ఒక్క గంప పరచి, ఎంత నేల కప్పిందో చూడండి.

ఇప్పుడొక లెక్క. మీ మడి 12 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. ఒక గంప గడ్డి మీకు కావలసిన మందంలో 6 చదరపు అడుగులు కప్పింది. ఎన్ని గంపలు కావాలి? 10 అని వస్తే మీ లెక్క సరి.

ఒక ప్రయోగం కూడా చేయండి. ఒకే రకపు కుండీలు రెండు తీసుకోండి. రెంటిలో సమంగా మట్టి, తలా ఒక గ్లాసు నీళ్ళు పోయండి. ఒకదాని మీద రెండు అంగుళాల ఎండుటాకు పరచండి. రెండవదాన్ని అట్లాగే వదలండి. రెంటినీ తూచి, బరువు రాసుకుని, ఒకే చోట ఎండలో ఉంచండి. వారం రోజులు ప్రతి సాయంత్రం తూచండి. తగ్గిన ప్రతి గ్రాము బరువూ ఆవిరైపోయిన ఒక మిల్లీలీటరు నీరే. ఏ కుండీ ఎక్కువ నీరు పోగొట్టుకున్నదో మీ పుస్తకమే మీకు చెబుతుంది.

నేను జూన్‌లో తిరిగి వచ్చాను. జూలై చివర మా మనవడు ఫోన్ చేశాడు. ఊరి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా తోటలోకి పరుగెత్తాడట. ఆకు పక్కకు తీసి మట్టిలో వేలు గుచ్చాడట.

"చల్లగా ఉంది తాతయ్యా! గోంగూర బతికే ఉంది!" అన్నాడు.

నాకు చాలా సంతోషమైంది. ఆ సంతోషంలో మా బడి టమాటా మడి, ఆ కుర్రవాడు గుర్తుకు వచ్చారు. కంటితో అంచనా వేయండి, తప్పులేదు. కాని తరువాత టేపుతో కొలవండి. ఆ తరువాత ఒక్క మోపు విప్పి చూడండి. మూడూ చేసినవాడి మొక్క ఎండిపోదు.