కంప్యూటర్ ముందు కుర్చీ: గ్రంథాలయంలో ఇంటర్నెట్, మన బాధ్యత

బాధ్యత అనే మాటను మనం కొంచెం అనుమానంతోనే వినాలి. ఈ దేశంలో కిందికులాల వాళ్ళు ఏ ఉమ్మడి ఆస్తి మీద హక్కు అడిగినా, మొదట వినపడిన జవాబు "వీళ్ళకు వాడుకోవటం చేతగాదు, పాడుచేస్తారు" అనే. చెరువు దగ్గర అదే మాట, బడి దగ్గర అదే మాట. ఇవాళ గ్రంథాలయంలో ఇంటర్నెట్ కంప్యూటర్ దగ్గర అదే మాట కాస్త మర్యాదగా వినపడుతోంది. "ముందు నేర్చుకుని రా బాబూ" అంటారు. ఎక్కడ నేర్చుకుని రావాలో మాత్రం చెప్పరు. అట్లాగని బాధ్యత గురించి మాట్లాడకుండా ఉండలేం. అది ఎవరికి, ఎవరి పట్ల అన్నది మాత్రం మనమే తేల్చుకోవాలని మేము అంటున్నాం.

బొంబాయి శాసనమండలి 1923లో ఒక తీర్మానం చేసింది. ప్రభుత్వ ధనంతో నడిచే బావులు, చెరువులు, బడులు, వైద్యశాలలు అంటరానివాళ్ళు కూడా వాడుకోవచ్చునని దాని సారం. దాన్ని అనుసరించి మహద్ పురపాలక సంఘం 1924లో చవదార్ చెరువును అందరికీ తెరిచింది. తెరవటం కాగితం మీదే జరిగింది. 1927 మార్చి 20న అంబేడ్కర్ ముందు నడవగా జనం వెళ్ళి దోసిళ్ళతో ఆ నీళ్ళు తాగారు. తర్వాత సవర్ణులు ఆ చెరువును పంచగవ్యంతో శుద్ధి చేసుకున్నారు. తీర్మానానికీ దోసిట్లో నీళ్ళకూ మధ్య ఎంత దూరం ఉంటుందో మహద్ చూపించింది. గ్రంథాలయం బోర్డు మీద "ఉచిత ఇంటర్నెట్" అని రాసి ఉండటానికీ, వాడ నుంచి వచ్చిన పిల్ల ఆ కుర్చీలో కూర్చోవటానికీ మధ్య కూడా అట్లాంటి దూరమే ఉంది.

ఆ కుర్చీ ఎవరి దయా కాదు. మద్రాసు రాష్ట్రంలో 1948లో, హైదరాబాదు రాష్ట్రంలో 1955లో గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఆ రెంటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసే పద్ధతి ఈ చట్టంలోదే. అది ఇప్పుడు రూపాయికి 8 పైసలు. రెండు రాష్ట్రాల్లోనూ ఇది నడుస్తోంది. వాడలో రేకుల ఇంటికి పన్ను కట్టేవాడు కూడా గ్రంథాలయానికి కడుతున్నాడు. లోపలికి వెళ్ళేటప్పుడు మనం గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి సంగతి ఇది.

2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామాల్లో నూటికి 4.4 కుటుంబాలకు, పట్టణాల్లో 23.4 కుటుంబాలకు మాత్రమే కంప్యూటర్ ఉంది. ఆ తర్వాత చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి, నిజమే. ఐతే స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపి, సర్టిఫికెట్లను అడిగిన సైజుకు తగ్గించి, అప్‌లోడ్ చేసి ప్రింటు తీసుకోవటం పగిలిన ఫోన్ తెర మీద ఎంత అవస్థో చేసినవాళ్ళకు తెలుసు. అందుకే మన పిల్లలు గ్రంథాలయానికి వస్తారు, లేకపోతే నెట్ సెంటర్‌కు డబ్బులిచ్చి వెళ్తారు. సొంత కంప్యూటర్ ఉన్నవాడికి అది ఇల్లు. మనకు అది చావడి. చావడిలో పెట్టె తెరిచిపెట్టి వెళ్ళం గదా.

చావడిలో మనవాళ్ళు ఏమేం వదిలి వెళ్తున్నారో చూద్దాం. మేము వెళ్ళే ఒక పట్టణ గ్రంథాలయంలో నాలుగు కంప్యూటర్లున్నాయి. ఏ ఒక్కదానిలోనైనా డౌన్‌లోడ్స్ అనే ఫోల్డరులోకి వెళ్తే ఫైళ్ళు తెరవనక్కర్లేదు, పేర్లు చదివితే చాలు. పదో తరగతి మెమో, ఆదాయ ధ్రువీకరణ, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, ఆధార్, అన్నిటికీ మించి కుల ధ్రువీకరణ పత్రం. ఆ పత్రంలో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం ఒకే కాగితం మీద ఉంటాయి. తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాడు ఎవడో మనకు తెలియదు.

"కులం దాచుకోవాల్సిన విషయమా?" అని మన కార్యకర్తలే అడుగుతారు. కానేకాదు. పేరు పక్కన కులం పేరు సగర్వంగా రాసుకున్న ఉద్యమం మనది. ఐతే నా కులం నేను చెప్పటం వేరు, ఇంకెవడో నాకు తెలియకుండా తెలుసుకుని వాడుకోవటం వేరు. హాస్టల్లో "నీ ర్యాంకెంత?" అని అడిగేవాడికి ర్యాంకుతో పనిలేదు. ఇల్లు అద్దెకిచ్చే ముందు ఇంటిపేరు, ఊరు అడిగేవాడికీ ఊరితో పనిలేదు. వాళ్ళు కష్టపడి రాబట్టే సంగతిని మన ఫైలే వాళ్ళ ముందు పెడుతుంది. చట్టం నుంచి కూడా ఇక్కడ పెద్ద అండ లేదు. 2018 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ ముసాయిదా కులాన్ని, తెగను సున్నితమైన సమాచారంగా గుర్తించింది. 2023లో చట్టంగా వచ్చినదాంట్లో అసలు సున్నితమైన సమాచారం అనే విభాగమే లేకుండా పోయింది. దీని మీద మన సంఘాలు మాట్లాడింది చాలా తక్కువ.

ఇంకో సంగతి. ఈ-ఆధార్ ఫైలుకు తాళం ఉంటుంది గదా, ఉంటే ఏం అని కొందరి ధీమా. ఆ తాళం పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. రెండూ పక్కనున్న పదో తరగతి మెమోలో అచ్చయి ఉంటాయి! తాళంచెవిని తాళం పక్కనే పెట్టి వెళ్ళటం ఇది. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటనలో ఇంటర్నెట్ కేంద్రాల కంప్యూటర్లలో ఈ-ఆధార్ తీసుకోవద్దని, తప్పక తీసుకుంటే కాపీలన్నీ పూర్తిగా చెరిపెయ్యమని చెప్పింది. అపార్థాలొస్తాయని రెండు రోజులకే ప్రకటన మొత్తాన్నీ వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకున్నా ఆ సలహా మంచిదే. దరఖాస్తు కోసం తప్పదనుకుంటే, లేచే ముందు ఫైలును ఎంచి షిఫ్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కాలి. ఒక్క డిలీట్ నొక్కితే అది చెత్తబుట్టలోకి, అంటే రీసైకిల్ బిన్‌లోకి పోయి కూర్చుంటుంది. ఎవరైనా తిరిగి తీసుకోవచ్చు. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో, స్కానర్ దాచిన ఫోల్డరులో కూడా వెతకాలి. స్కాన్ చేసిన కాపీ చాలామందికి గుర్తే ఉండదు.

ఈమెయిల్ విషయంలో జరిగే పొరపాటు వేరు. పేజీని మూసేస్తే బయటికొచ్చినట్టే అనుకుంటారు. కాదు. లోపలికి వెళ్ళినప్పుడు కంప్యూటర్ మనల్ని గుర్తుపెట్టుకునేందుకు ఒక చీటీ దాచుకుంటుంది, దాన్ని కుకీ అంటారు. సైన్ అవుట్ నొక్కేదాకా, లేదా ఎవరైనా ఆ చీటీలు చెరిపేదాకా అది చెల్లుతుంది. తర్వాత వచ్చినవాడు జీమెయిల్ తెరిస్తే మన ఉత్తరాలే కనపడతాయి. బ్రౌజర్ "పాస్‌వర్డ్ దాచమంటారా?" అని అడిగినప్పుడు వద్దనాలి. ఇన్‌కాగ్నిటో అనే నల్ల కిటికీలో పని చేసుకుంటే, దాని కిటికీలన్నీ మూసెయ్యగానే చీటీలు పోతాయి. అందులో దించుకున్న ఫైళ్ళు మాత్రం పోవు. పేరు చూసి అది మనల్ని అందరి నుంచీ దాచేస్తుందని భ్రమపడొద్దు. గ్రంథాలయం నెట్‌వర్క్ నడిపేవాళ్ళు ఏ సైట్లకు వెళ్ళామో చూడగలరు. ఇంటికొచ్చాక సైన్ అవుట్ చేశామో లేదో అని గుండె దడదడలాడితే, ఫోనులో గూగుల్ అకౌంటు భద్రత విభాగంలో మన పరికరాల జాబితా ఉంటుంది. అక్కడి నుంచే ఆ కంప్యూటర్‌ను బయటికి పంపవచ్చు. వాట్సాప్‌కైతే లింక్‌డ్ డివైజెస్ అన్నచోట చూడాలి. బ్యాంకు పనులు, యూపీఐ వ్యవహారాలు ఈ కంప్యూటర్ల మీద అసలు పెట్టుకోకూడదు. మీటలు నొక్కిందంతా రాసుకునే దొంగ సాఫ్ట్‌వేర్ ఉంటే మనకు కనపడదు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి.

పెన్‌డ్రైవ్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాం. ఒక కంప్యూటర్ నుంచి వైరస్ ఎక్కించుకుని రెండోదానికి అంటించేది అదే. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారితే దాన్ని ఇంకో సిస్టమ్‌కు పెట్టకుండా ముందు శుభ్రం చేయించాలి.

అసలు చిక్కు సాయం దగ్గర వస్తుంది. వాడలో కంప్యూటర్ తెలిసిన ఒక్క అన్న, ఒక్క అక్క ఉంటే యాభైమంది వాళ్ళ మీద ఆధారపడతారు. వాళ్ళే ఈమెయిల్ తెరిచి, తమ ఫోన్ నంబరే ఇచ్చి, తమకు గుర్తుండే పాస్‌వర్డే పెడతారు. తొందరలో మంచి మనసుతో చేసే పనే ఇది. కానీ రెండేళ్ళకు ఆ అన్న నంబరు మార్చేస్తాడు, అక్క పెళ్ళయి వెళ్ళిపోతుంది. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఓటీపీ ఎక్కడికో పోతుంది. పిల్లవాడి దరఖాస్తు అక్కడ ఆగుతుంది. సాయం చేసేవాళ్ళు మౌస్ తాము పట్టుకోకుండా పక్కన నిలబడి చెప్పాలని మా అభిప్రాయం. గంట పట్టే పనికి రెండు గంటలు పట్టవచ్చు, పట్టనీ. నంబరు ఆ ఇంటిదే ఉండాలి. పాస్‌వర్డ్ టైపు చేసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోవాలి. పాస్‌వర్డ్ చీటీ ఆ మనిషి జేబులోకే పోవాలి. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసంతో వాడితే సమాచార సాంకేతిక చట్టం 66-సి సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మనవాళ్ళ మీద కేసులు పెట్టమని ఈ సంగతి చెప్పటం లేదు. స్నేహం పేరుతో పాస్‌వర్డ్ అడిగేవాడికి జవాబు చెప్పటానికి పనికొస్తుంది.

తర్వాత కాలం. ఆఖరి తేదీ రోజున నాలుగు కంప్యూటర్లకు నలభైమంది ఉంటారు. ఆ రోజు అరగంట దాటి కూర్చోవటం, సినిమా పాటలు చూడటం వరుసలో ఉన్న మన చెల్లెలి సీటు తినటమే. కాగితాల స్కాన్లు ముందే తగ్గించి, వివరాలన్నీ పుస్తకంలో రాసుకుని వస్తే నింపే పని తొందరగా అవుతుంది. పక్క తెరలోకి తొంగిచూడటం, అమ్మాయిలున్న గదిలో చూడకూడనివి తెరిచిపెట్టటం – వీటిని మనవాళ్ళు చేసినా మనం ఊరుకోకూడదు. ఆడపిల్లలు ఒక్కసారి ఇబ్బందిపడితే మళ్ళీ ఆ గదికి రారు. ఆ కుర్చీ మళ్ళీ అలవాటుగా మగవాళ్ళదే అవుతుంది.

ఇదంతా వాడేవాళ్ళ మీదే వేస్తే అన్యాయం. కిటికీలన్నీ మూసెయ్యగానే చీటీలు చెరిగిపోయేటట్టు బ్రౌజర్‌లోనే అమర్చవచ్చు. రీస్టార్ట్ చెయ్యగానే కంప్యూటర్ పొద్దుటి స్థితికి వచ్చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అతిథిగా మాత్రమే వాడే ఏర్పాటు ఉంది. ఇవి గ్రంథాలయం చెయ్యాల్సిన పనులు. పేరు, గుర్తింపు కార్డు రాసుకునే రిజిస్టరు ఉండవచ్చు, కానీ అది అందరికీ ఒకటే కావాలి. ఒకరిని పేరు అడిగి కూర్చోబెట్టి, ఇంకొకరిని ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీస్తే అక్కడ మనం అభ్యంతరం చెప్పాలి. "యూపీఎస్ పాడైంది" అని నెలల తరబడి తాళం వేసిన గదులూ ఉన్నాయి. ఎన్ని కంప్యూటర్లు కొన్నారు, ఎన్ని పనిచేస్తున్నాయి, ఎన్ని గంటలు తెరుస్తున్నారు, చెడిపోయినవాటిని ఎప్పుడు బాగుచేయించారు అని 2005 సమాచార హక్కు చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థను అడగవచ్చు. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అర్జీ ఇచ్చినప్పుడు రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవటం మరవొద్దు.