చిల్లుల స్వెట్టరు

సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే పెట్టె అడుగున నా పాత స్వెట్టరు బయటపడింది. 1978లో నన్ను పాడేరు బడికి బదిలీ చేసినప్పుడు, అక్కడి చలికి పళ్ళు టకటకలాడుతున్నాయని ఉత్తరం రాస్తే, విజయనగరంలో కూర్చుని మా ఆవిడ అల్లి పంపిన స్వెట్టరు అది. ఏటేటా పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వెయ్యడం నా వంతు. మూడేళ్ళుగా మర్చిపోయాను. వీపు మీద పావలా కాసంత చిల్లులు నాలుగు పడ్డాయి.

"పురుగు తినేసింది, పారేద్దాం" అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. ఏ మాటా అనకుండా మెడ దగ్గర ఒక కొస పట్టుకుని లాగింది. సర్రుమంటూ వరస తరవాత వరస ఊడొచ్చింది. సాయంత్రానికి పాడేరు చలంతా కాచిన స్వెట్టరు ఇడియాప్పంలా వంకర్లు తిరిగిన దారం కుప్పై కూర్చుంది. దాన్ని చిలపలు చుట్టి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి, దండెం మీద వేసి, కింద చిన్న చెంబు కట్టి వేలాడదీసింది. తెల్లారేసరికి దారం తిన్నగా అయిపోయింది.

మా మనవరాలు ఏడో తరగతి. బడివాళ్ళు అరకు తీసుకెళ్తున్నారు. ఆ దారంతో దానికి స్వెట్టరు మొదలైంది. మూడోనాడు తేగ చీల్చుకుని తింటూ సూదుల వంక చూసి అడిగింది:

"మామ్మా, చిల్లులు పడ్డాయని విప్పేశావు. మళ్ళీ నిండా చిల్లులతోనే అల్లుతున్నావేటి?"

"మీ తాతనడుగే గుంటా. ఆయనకి పింఛను ఊరికే ఇస్తున్నారేటి?"

సరే, పింఛనుకి పని దొరికింది.

ముందు ఆ పురుగు సంగతి. దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులాంటిదే ఉన్నిపురుగు కూడా. కానీ రెక్కలొచ్చాక అది ఏమీ తినదు. తినేది దాని పిల్ల. ఉన్ని అంటే గొర్రె వెంట్రుకే కదా. మన జుట్టు, గోళ్ళు, ఎద్దు కొమ్ము, ఉన్ని, అన్నీ కెరటిన్ అనే ఒకే సరుకు. దాన్ని అరిగించుకోగల కడుపులు లోకంలో బహు తక్కువ, అందులో ఒకటి నా పెట్టెలో కాపురం పెట్టింది. బజారులో ఉన్ని పేరుతో అమ్మేదాంట్లో చాలామటుకు ఆక్రిలిక్. ఒక చిన్న పోగు పట్టకారుతో పట్టి దీపానికి చూపిస్తే గుట్టు తెలిసిపోతుంది. అసలు ఉన్నయితే జుట్టు కాలిన కంపు, నలిపితే బూడిద. ఆక్రిలిక్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. (పక్కన పెద్దవాళ్ళుండాలి, నీళ్ళ గిన్నె ఉండాలి. నాకు ఆ గిన్నె పెట్టాకే అగ్గిపెట్టె ఇచ్చారు.) తడిపి ఆరబెడితే దారం తిన్నగా అయింది కూడా కెరటిన్ మహిమే. లోపలి అణువుల మధ్య ఉండే చిన్న చిన్న పట్లు తడికి వదులైపోతాయి, ఆరేటప్పుడు ఏ రూపులో ఉంటే ఆ రూపులో మళ్ళీ బిగుసుకుంటాయి. తలస్నానం చేసి తడిజుట్టుతో పడుకున్నవాడు పొద్దున్న లేచి ఎలా ఉంటాడో తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇక చిల్లులు. "అమ్మా, నీకు వెచ్చదనం ఇచ్చేది ఉన్ని అనుకుంటున్నావు. సగం అబద్ధం. ఇచ్చేది నీ ఒళ్ళే. ఆ వేడి పారిపోకుండా ఆపేది గాలి. ఉన్ని చేసేదల్లా ఆ గాలిని కదలకుండా పట్టుకోవడం." కదలని గాలి గుండా వేడి మహా నిదానంగా పోతుంది. నీళ్ళయితే దానికన్నా ఇరవై రెట్లకి పైనే వేగంగా లాక్కుపోతాయి, అందుకే తడిసిన బట్ట అంత చలి. గాలి కదిలితే విసనకర్ర, ఆగితే కంబళి. ఉన్నిపోగు పుట్టుకతోనే మెలికలు తిరిగి ఉంటుంది, పక్కపోగుతో అతుక్కుపోదు. ఆ సందుల్లో గాలి చిక్కుకుంటుంది. దానికి తోడు మీ మామ్మ పెట్టే చిల్లులు.

"మరి రైలు తలుపు దగ్గర నిలబడితే?"

నిలబడకూడదు, అది వేరే సంగతి. కానీ ప్రశ్న మంచిది. ఎదురుగాలి కొడితే చిల్లుల్లో గాలి కొట్టుకుపోతుంది, స్వెట్టరు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. అందుకే దానిపైన చిక్కటి నేత చొక్కా ఒకటి తొడగాలి. అప్పుడు చొక్కా గోడ, స్వెట్టరు గది. పాడేరులో మోటారు సైకిలెక్కిన మొదటిరోజే నాకీ పాఠం అయింది.

నేతకీ అల్లికకీ తేడా ఏమిటని అడక్కుండానే చెప్పాను. మాస్టారి జబ్బు. నా పొందూరు ఖద్దరు కండువా, బనీను, రెండూ తెచ్చి భూతద్దం చేతిలో పెట్టాను. ఖద్దరులో పడుగు నిలువు, పేక అడ్డం. దారాలు తిన్నగా పోతాయి, ఒకదాని కిందా పైనా దూరుతాయి. లాగితే సాగదు. బనీనులో తిన్నటి దారమే లేదు. అన్నీ ఉచ్చులు, ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు తొంగిచూస్తూ. వాకిట్లో మెలికముగ్గు చూశావు కదా, చుక్కల చుట్టూ ఒకే గీత తిరిగి తిరిగి వస్తుంది. మీ మామ్మ అల్లేదీ అలాంటి ముగ్గే, నేలకి బదులు గాల్లో వేస్తుంది. లాగినప్పుడు దారం సాగదు. నిలువుగా ఉన్న ఉచ్చు అడ్డంగా వెడల్పవుతుంది, అంతే. వదిలేస్తే మళ్ళీ తన రూపుకి వస్తుంది. బనీను తలమీంచి దిగేదీ అందుకే, మడమ చుట్టూ మేజోడు ఒదిగేదీ అందుకే. మేజోళ్ళు అల్లే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ అనే మతగురువు 1589లోనే కట్టాడు. చేతి అల్లిక అంతకు ముందునుంచీ ఉంది, ఆ తరవాతా పోలేదు.

ఖద్దరు మాటొచ్చింది కాబట్టి పొందూరు దాటిపోలేను. ఎప్పుడైనా ఆముదాలవలస వైపు వెళ్తే దిగి చూడండి. అక్కడ పత్తిని దువ్వేది వాలుగ చేప దవడతో. ఆ ఎముకలో సన్నని పళ్ళు వరసగా ఉంటాయి, పత్తిలోని నలుసునీ పొట్టి పోగునీ ఏరేస్తాయి. వడికేది నూరో నంబరు నూలు, ఆపైన కూడా. నూరో నంబరంటే లెక్క ఉంది. ఒక పౌను పత్తిలోంచి 840 గజాల చిలపలు ఎన్ని తీస్తే అన్నో నంబరు. నూరు చిలపలంటే 84,000 గజాలు, అంటే 76 కిలోమీటర్ల పైచిలుకు. అరకిలో కూడా లేని పత్తిని విజయనగరంలో వడకడం మొదలెడితే దారం కొస శ్రీకాకుళంలో తేలుతుంది. "తాతా, నిజంగా?" అని పిల్ల కాగితం మీద హెచ్చవేసి చూసుకుంది. నన్ను నమ్మదు, గుణకారాన్ని నమ్ముతుంది. శుభం.

ఆ కండువా కప్పుకునే నేను సాయంత్రం పుస్తకం పట్టుకుంటాను. మా ఆవిడ సూదులు, నేను కాగితాలు, మధ్యలో పిల్ల. "తాతా, నీ కళ్ళు పుస్తకంలో నిదానంగా జరుగుతాయా?" అంది. జరగవు, గెంతుతాయి! నమ్మలేదు. ఒక పాత వారపత్రిక తీసి, నడిమధ్య పేజీకి మా ఆవిడ ఊలుసూదితోనే చిన్న చిల్లు పొడిచాను. దాన్ని నా ముఖానికెదురుగా పట్టుకుని చదువుతుంటే పిల్ల అవతలినుంచి ఆ చిల్లులోంచి నా కళ్ళు చూసింది. పకపకా నవ్వింది. "మిడతలా గెంతుతున్నాయి!"

పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో ఎమిల్ జవాల్ అనే కంటివైద్యుడు చెప్పిన మాట ఇదే. చదివే కన్ను ఒకచోట సెకనులో నాలుగోవంతు ఆగుతుంది, చటుక్కున దూకుతుంది, మళ్ళీ ఆగుతుంది. చదివేది ఆగినప్పుడే. దూకేటప్పుడు మెదడు చూపుని ఇంచుమించు మూసేస్తుంది, లేకపోతే అక్షరాలన్నీ అలికినట్టు కనబడి కళ్ళు తిరుగుతాయి. కావలిస్తే అద్దం ముందు నిలబడి నీ ఎడమకన్ను చూడు, తరవాత కుడికన్ను చూడు, మళ్ళీ ఎడమ. నీ కళ్ళు కదలడం నీకెప్పటికీ కనబడదు. పక్కనున్నవాళ్ళకి చక్కగా కనబడుతుంది. కథ మొత్తం ఎడతెగకుండా చదివాననుకుంటాం కానీ, మధ్యలో ఎన్ని వందల చిల్లులో!

ఆ పత్రికకి చిల్లు పెట్టానని మా ఆవిడ రెండురోజులు సణిగింది. ఆవిడ సణుగుడు న్యాయమే. శ్రీకాకుళంలో కారా మాస్టారు ఇలాంటి పాత పత్రికల కోసమే కదా ఊళ్ళు తిరిగారు. ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావుగారు, బడిపంతులు, తనకొచ్చిన బహుమతుల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట దొరకాలని ఆయన పంతం. 2021లో ఆయన పోయారు, ఇల్లు ఉంది. కిందటేడు పిల్లని తీసుకెళ్తే లోపలికి అడుగుపెట్టగానే ముక్కు ఎగబీల్చి, "ఏదో తియ్యటి వాసన" అంది. తప్పు కాదు. చవక కాగితంలో చెక్కలోని లిగ్నిన్ అలాగే ఉండిపోతుంది. వెలుతురూ గాలీ తగిలి ఏళ్ళ మీద అది విరిగి పసుపు రంగుకి తిరుగుతుంది, విరిగినప్పుడు పుట్టే పదార్థాల్లో వెనిల్లిన్ ఒకటి. ఐస్‌క్రీములో వేసే అదే వాసన. అంటే ఆ తీపి కాగితం చస్తున్న వాసన. పిల్లకి ఆ మాట చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, అంతే.

శనివారం రాత్రి టీవీలో ‘కన్యాశుల్కం’ వచ్చింది. 1955 నాటిది, పి. పుల్లయ్యగారు తీసింది. మా విజయనగరంలో ఆ పేరు చెబితే సినిమాకన్నా ముందు నాటకం గుర్తొస్తుంది. 1892లో ఇక్కడే తొలిసారి ఆడారు మరి. మా ఆవిడకి మధురవాణిగా సావిత్రి కనబడితే చాలు, సూదులు వాటంతటవే నడుస్తాయి.

"తాతా, సినిమాలో చిల్లులుండవు కదా" అంది పిల్ల. ఈమధ్య ఎక్కడ చూసినా చిల్లులు వెతుకుతోంది.

చిల్లులే ఎక్కువ. మా చిన్నప్పుడు బొబ్బిలి వైపు టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు మీద కూర్చుని, తెర చూడ్డం మానేసి వెనక్కి తిరిగి మిషను గది కన్నం వైపు చూసేవాణ్ణి. వెలుతురు చారలో బీడీ పొగ మెలికలు తిరిగేది. రీలు మీద ఉన్నవన్నీ కదలని బొమ్మలు, సెకనుకి 24. మూడు గంటల సినిమాకి 2,59,200 బొమ్మలు, పరిస్తే ఐదు కిలోమీటర్లకి కాస్త తక్కువ ఫిల్ము. ఒక్కో బొమ్మ దీపం ముందు ఆగాలి. తరవాతి బొమ్మ వచ్చే వేళకి రేకు అడ్డొచ్చి వెలుతురు మూసేస్తుంది. ఆ చీకట్లో ఫిల్ము చటుక్కున జరుగుతుంది. కదులుతుంటే చూపిస్తే అంతా అలుకుడే, అచ్చం నా కన్ను గెంతినట్టు. మినుకుమినుకుమనకుండా ఉండాలని ఒక్కో బొమ్మ మీద రేకు రెండుసార్లు అడ్డొస్తుంది. అన్నీ కలిపితే ఆ హాల్లో కూర్చున్న కాలంలో ఇంచుమించు సగం మనం చూసింది నల్లటి తెరనే. మూడుగంటలకి టిక్కెట్టు కొంటే గంటన్నర చీకటి.

"డబ్బులు తిరిగిచ్చేవారా?"

ఇచ్చేవారు కాదు. ఇప్పటి టీవీలో ఆ రేకు లేదు, చీకటీ లేదు. బొమ్మ మారుతుంది, అంతే. కానీ ఇప్పటికీ అవి కదలని బొమ్మలే. ఆ బొమ్మల్ని కలిపి కదలిక అల్లేది మన మెదడు. మాక్స్ వెర్థైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1912లో దీనిమీద ప్రయోగాలు రాశాడు. రెండు గీతల్ని ఒకదాని తరవాత ఒకటి సరైన వేగంతో చూపిస్తే, ఒకే గీత ఇటునుంచి అటు జరిగినట్టు కనబడుతుంది. బొమ్మ కంట్లో కాసేపు అంటుకుని ఉండిపోవడం వల్లే సినిమా కదులుతుందని నేను ముప్పైయేళ్ళు బళ్ళో చెప్పాను. అది చాలదని తరవాత తెలిసింది. ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో, క్షమిస్తారనుకుంటాను.

ఇంకో ముక్క. 1895లో పారిస్‌లో డబ్బులు తీసుకుని సినిమా చూపించిన లూమియేర్ సోదరులకి ఫిల్ముని ఆపి ఆపి లాగే ఉపాయం తట్టింది కుట్టుమిషను చూసి. గుడ్డ ఆగుతుంది, సూది దిగుతుంది, గుడ్డ జరుగుతుంది. ఆ లెక్కన సినిమాకి కుట్టుమిషను మేనత్త.

"ఏటండీ, ఆ మేనత్త గోల ఆపుతారా? మాట వినబడట్లేదు" అంది మా ఆవిడ తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

సినిమా అయ్యాక దీపం వేసి చూస్తే స్వెట్టరు ముందరి భాగంలో నిలువునా ఒక సందు, నిచ్చెనలా. మధురవాణి ధర్మమా అని ఎక్కడో ఒక ఉచ్చు సూది మీంచి జారింది. అల్లికలో ముడి ఉండదు, ఒక ఉచ్చుకి పైదే కాపలా. కాపలా పోతే కిందిదీ పోతుంది. భీమిలి ఒడ్డున వల బాగుచేసేవాళ్ళని అడగండి, వల ఒకచోట తెగితే అక్కడితో ఆగుతుంది, కన్నుకన్నుకీ ముడి ఉంటుంది కాబట్టి. ఇక్కడ పన్నెండు వరసలు జారిపోయాయి.

"ఇది గాలి కోసమేనా మామ్మా?"

"నోరుముయ్యే" అంటూనే ఆవిడ క్రోషియా సూది వెతికి పిల్ల చేతిలో పెట్టింది. అట్టడుగున వేలాడుతున్న ఉచ్చులో కొక్కెం దూర్చి, పైనున్న అడ్డదారాన్ని పట్టి లోపలినుంచి లాగాలి. ఒక మెట్టు. మళ్ళీ దూర్చి, మళ్ళీ లాగాలి. నేను భూతద్దం పట్టుకున్నాను, ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. పన్నెండో మెట్టు ఎక్కేసరికి పదిన్నర దాటింది. రెండో చెయ్యి ఇంకా మొదలెట్టనే లేదు, కొత్తవలసలో అరకు రైలు ఎల్లుండి పొద్దున్నే.